లారీకొకటి, కారుకొకటి

కొట్టు ముందునుంచి ఒక లారీని ఇంకో లారీ ఇనుప కడ్డీ కట్టి లాక్కుపోతున్న సమయానికి చిట్టి ఒక కారు ఆసామికి ఆయిల్ ఫిల్టర్ చూపిస్తోంది. ఆయన పెట్టె మీది బొమ్మ చూసి కొనే రకం కాదు. ఫిల్టర్ బయటికి తీసి, అరచేతిలో బరువు చూసి, నోటి దగ్గరున్న రబ్బరు చుట్టును గోరుతో నొక్కి, అది మళ్ళీ పొంగిందో లేదో కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "లోపల ఏమీ గలగల్లాడట్లేదు కదా?" అని తనను తానే అడిగి, "ఫరవాలేదు, ఇదే ఇవ్వమ్మా," అన్నాడు.

అది అద్దాల బీరువాలోది. చిట్టి అన్నయ్య నడిపే ఆ స్పేరు పార్టుల కొట్టులో ఫిల్టర్లు రెండు చోట్ల ఉండేవి. ఇలా ఎదురుగా నిలబడి నొక్కి చూసేవాళ్ళ కోసం బీరువాలో కొన్ని. ట్రాన్స్‌పోర్టు కంపెనీకి పెట్టెలకు పెట్టెలు పోయేవి వెనక గదిలో. రంగు ఒకటే, మీది అచ్చు ఒకటే. కాకపోతే వెనక గదివాటిని తడిచేత్తో పట్టుకుంటే అక్షరాలు వేళ్ళకు అంటుకునేవి. కొత్తలో ఒకసారి చిట్టి ఆ రంగు అంటిన వేళ్ళు అన్నయ్యకు చూపించింది. "అవి లారీలకులే," అన్నాడు అన్నయ్య, టీ ఊదుకుంటూ. ఆ మాటకు అర్థమేమిటని ఆమె అడగలేదు. తరవాత అడగకపోవడమే అలవాటైంది.

కారు ఆసామి మెట్టు దిగుతూ ఆగిపోయి, "అయ్యో, ఎవరి ఖర్మో!" అన్నాడు. చిట్టి తలెత్తి చూసింది. లాగబడుతున్న లారీ ఎడమ పక్కంతా బండకు రాసుకుని రేకు లేచిపోయి ఉంది. ఇంజన్ కిందనుంచి నల్లటి చార ఒకటి రోడ్డు పొడుగునా గీసుకుంటూ వస్తోంది. స్టీరింగు దగ్గర ఒంటిచేత్తో కూర్చున్నవాడు తన భర్త. రెండో చెయ్యి తువ్వాలుతో మెడకు కట్టుకుని ఉన్నాడు.

కొట్టు ముందునుంచి ఎప్పుడు వెళ్ళినా ఒక్కసారి హారన్ కొట్టి పోయే మనిషి, ఆ రోజు ఇటు తిరిగి చూడలేదు.

*

డ్రైవర్లంతా అతన్ని నిదానం అని పిలిచేవారు. అతను లారీ నడిపితే వెనకాల వచ్చేవాళ్ళకు నిద్రొస్తుందని జోకు. బయల్దేరే ముందు టైర్లు తట్టి చూసేవాడు, కర్ర ముంచి ఆయిలు చూసేవాడు, అద్దం తుడిచేవాడు. అంతా అయ్యాక ఏదో మరిచిపోయినట్టు దిగి మళ్ళీ ఆయిలు చూసేవాడు. అట్లాంటివాడు ఇంజన్ తగలేశాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. కానీ నమ్మకపోవడానికి ఓపిక కావాలి. సాయంత్రానికి సగంమంది నమ్మారు.

జరిగింది అతను చెప్పినట్టయితే ఇంతే. సిమెంటు బస్తాల లోడుతో కొండమీది ఘాటు రోడ్డు ఎక్కుతున్నాడు. మలుపులో స్టీరింగు ముందున్న ఆయిలు ఎర్రలైటు వెలిగింది. వెలగడం, లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు శబ్దం రావడం, ఇంజన్ బిగుసుకుని పట్టెయ్యడం అన్నీ రెప్పపాటులో అయిపోయాయి. స్టీరింగు రాయిలా బిగిసింది. వెనక ఒక బస్సు ఉంది. లోయ వైపు పోనివ్వకుండా, వెనక్కి జారనివ్వకుండా, ఉన్న బలమంతా పెట్టి లారీని కొండ వైపు తిప్పి బండకు ఆనించాడు. భుజం అప్పుడే పోయింది.

ట్రాన్స్‌పోర్టు కంపెనీ ఓనరు విన్నది వేరు. ఆయన నిదానాన్ని ఆఫీసు గదిలో నిలబెట్టి, "లైటు వెలిగిన వెంటనే ఏ ఇంజనూ పట్టెయ్యదు. చాలాసేపటి నుంచి వెలుగుతూ ఉండుంటుంది. నువ్వు చూడలేదు. నిద్రపోయావో, ఫోను మాట్లాడావో, నీకే తెలియాలి," అన్నాడు. లైసెన్సు తీసి సొరుగులో పెట్టుకున్నాడు. వారం చివర యార్డులో డ్రైవర్లందరూ కూడినప్పుడు వాళ్ళ ముందు తప్పు ఒప్పుకుంటే ఇచ్చేస్తానన్నాడు. "నీ మీద కోపం లేదు. మిగతావాళ్ళకి భయం ఉండాలి కదా!" అని కూడా అన్నాడు, చాలా మెత్తగా.

లైసెన్సు లేకపోతే ఇంకో యార్డుకు పోయే దారి లేదు. ఒప్పుకుంటే ఏ యార్డువాడూ తాళాలు చేతికివ్వడు. ఎటు పోయినా గోడే.

ఇంటికొచ్చాక అతను మంచం అంచున కూర్చుని ఎదుటి గోడను చూస్తూ ఉండిపోయాడు. చిట్టి అన్నం కలిపి పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. మర్నాడు పొద్దున ఆమె బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి అతని కుడి పాదం నేలను నెమ్మదిగా నొక్కుతోంది. ఎడమ పాదం ఒకసారి లేచి క్లచ్చు తొక్కింది. కళ్ళు కొద్దిగా కిందికి, కుడికి, లైటు ఉండే చోటుకి దిగి, మళ్ళీ గోడకు లేచాయి. మళ్ళీ దిగాయి, మళ్ళీ లేచాయి.

బడికి పోవడానికి జడ వేయించుకుంటున్న కూతురు కిసుక్కున నవ్వి, "అమ్మా, నాన్న మంచం నడుపుతున్నాడు," అంది.

"నోర్ముయ్," అంది చిట్టి. రిబ్బను ముడి చాలా గట్టిగా పడింది.

పిల్ల వెళ్ళిపోయాక అతను మొదటిసారి తనంతట తాను మాట్లాడాడు. "చిట్టీ, మలుపు ముందు ఒక నీళ్ళ పంపు ఉంటుంది. అక్కడ నేను పక్కకి చూశాను. ఎవరో ముసలాయన మొహం కడుక్కుంటున్నాడు. అప్పుడే వెలిగిందేమో."

"ఎంతసేపు చూసుంటావు? పక్కకి చూడకుండా ఎవరు నడుపుతారు?"

"ఏమో. ఓనరు ఊరికే అంటాడా? అంత చదువుకున్నవాడు." మళ్ళీ గోడ వైపు తిరిగి, "నాకు ఇప్పుడు లైటు వెలిగి ఉన్నట్టే గుర్తొస్తోంది. ఘాటు కింద నుంచీ వెలిగి ఉన్నట్టు," అన్నాడు.

మూడు పూటల్లో మనిషి తను చెయ్యని పనిని గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఆమె నోటిదాకా ఒక మాట వచ్చింది. కిందటి నెల సర్వీసుకి కంపెనీవాళ్ళు పట్టుకెళ్ళిన పెట్టె తను వెనక గదిలోంచి తీసి ఇచ్చిందే. ఆ మాట నోట్లోనే ఉంచుకుని కొట్టుకు వెళ్ళింది.

అన్నయ్య ఆ రోజు ఆమె వైపు ఎక్కువగా చూడలేదు. మధ్యాహ్నం క్యారియరు విప్పుతూ, "బావని దిగులుపడొద్దను. చెయ్యి బాగయ్యాక ఇక్కడే ఉండమను. సరుకు దించుకోవడానికి నాకూ మనిషి కావాలి," అన్నాడు. మంచి మాటే. మనసులోంచి వచ్చిందే. ఇల్లు గడవని రోజుల్లో ఆమెను పిలిచి కౌంటరు దగ్గర కుర్చీ వేసింది ఆ అన్నయ్యే. చిట్టి తల ఊపింది.

*

లారీని పడేసిన షెడ్డు బజారు చివర ఉంది. గ్యాస్కెట్లు ఇచ్చి వస్తానని చెప్పి ఆమె అక్కడికి వెళ్ళింది. మేస్త్రీ ముసలివాడు, చిన్నప్పటి నుంచి ఆమెకు బాబాయి వరస పెట్టి పిలిచే అలవాటు. గ్యాస్కెట్లు అందుకుని, "వీటితో ఇప్పుడు పనేముందమ్మా, ఇంజనే లేకపోతే," అన్నాడు.

"విప్పారా బాబాయ్?"

"ఎక్కడ! ఓనరు ఫోను చేసి తను చెప్పేదాకా దేని మీదా చెయ్యి వెయ్యొద్దన్నాడు. ఈ వయసులో నాకెందుకు గొడవ?"

"నువ్వు చెయ్యి వెయ్యొద్దులే."

మేస్త్రీ ఆమె మొహంలోకి చూశాడు. చేతులు తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకున్నాడు. "నేను పోయి టీ తాగొస్తా. గొలుసు పానా ఆ బల్ల మీద ఉంది." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "అమ్మేదానివి, ఎటు తిప్పితే ఊడుతుందో తెలుసు కదా? లేకపోతే నేను తిరిగొచ్చేసరికి ఇంకా బిగించి పెడతావు," అన్నాడు.

ఆమె అంతకు ముందు వేల ఫిల్టర్లు చేత్తో పట్టుకుంది కానీ ఒక్కటి కూడా ఇంజన్ మీద ఉండగా తాకలేదు. లారీ కింద వెల్లకిలా దూరింది. ఫిల్టరు చుట్టూ గొలుసు వేసి పానా లాగింది. జారింది. మళ్ళీ వేసింది. పళ్ళ బిగువున లాగితే కదిలింది. ఒక్కసారిగా నల్లటి నూనె మణికట్టు మీదుగా మోచేతి దాకా, అక్కడినుంచి చంకలోకి కారింది. చల్లగా, చిక్కగా ఉంది. నూనెలో ఏదో నలుసులు గరగరమన్నాయి. ఫిల్టర్ని పాత గోనెగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని, మేస్త్రీ రాకముందే బయటపడింది.

ఇంటికి వచ్చి పెరటి గుమ్మంలో కూర్చుంది. ఇంకా ఎండ ఉంది. రంపం తీసి ఫిల్టరు మెడ మీద పెట్టి కొయ్యడం మొదలుపెట్టగానే ఆ చప్పుడికి అతను లేచి వచ్చాడు.

"ఏమిటది?"

ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది. అతను దాన్ని గుర్తుపట్టాడు. పనివాడికి పని చెడిపోతుంటే వచ్చే విసుగుతో, "రంపంతో కోస్తే రంపం పొడి లోపల పడుతుంది. రేపు ఆ పొడి చూసి బేరింగు పొడి అనుకుంటావు. ఇటివ్వు," అన్నాడు. ఉలి, సుత్తి తెచ్చాడు. ఒక చేత్తో కాదు కనక ఆమె ఫిల్టర్ని రెండు పాదాల మధ్య ఇరికించి, రేకు మడత మీద ఉలి ఆనించి పట్టుకుంది. అతను ఉలి మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొడుతూ దాన్ని మడత చుట్టూ తిప్పించాడు. మూత లేచింది.

లోపల మడతలు మడతలుగా నిలబడాల్సిన కాగితం వానకు తడిసిన అట్టలా ముద్దయిపోయి ఉంది. మడతలను పట్టి ఉంచాల్సిన జిగురు ఒక పక్కనే ఉంది, రెండో పక్క అసలు పెట్టినట్టే లేదు. మధ్యలో నూనె పోవాల్సిన చిల్లుల గొట్టం ఎవరో పిడికిట్లో నలిపినట్టు చప్పిడిగా అతుక్కుపోయింది. కాగితం మూసుకుపోతే నూనెకు వేరే దారి ఇవ్వడానికి అడుగున ఒక చిన్న తలుపు, స్ప్రింగు ఉండాలి. ఆ చోట గుండ్రటి రేకు ముక్క ఒకటి ఊరికే అతికించి ఉంది.

అతను ఆ గొట్టాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని అటునుంచి ఇటు చూడబోయాడు. వెలుతురు రాలేదు.

"నూనె పోలేదు," అన్నాడు. "పోవడానికి దారే లేదు." గొట్టాన్ని ఆమె వైపు తిప్పాడు. "ఇది నలిగాక లైటు వెలగడం, ఇంజన్ పట్టెయ్యడం ఒకేసారి జరుగుతాయి. ఒకేసారే జరిగాయి. నేను చూశాను చిట్టీ. నేను సరిగ్గానే చూశాను." అక్కడే మెట్టు మీద కూలబడి, నూనె చేత్తోనే మొహం మూసుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో మొదట ఉన్నది సంతోషం. ఆమెకు అది తెలిసింది. ఆ సంతోషం ఎంతోసేపు ఉండదని కూడా తెలిసింది.

మొహం మీంచి చెయ్యి తీసి అతను అడిగాడు. "ఎక్కడిదిది?"

"వెనక గదిలోది. నేనే తీసిచ్చాను."

"నీకు తెలుసా?"

"తెలుసు," అంది. తరవాత, "ఇంత అని తెలియదు. మంచివి కాదని తెలుసు," అంది.

అతను ముద్దయిన కాగితాన్ని, గొట్టాన్ని, రేకు ముక్కని ఒక్కొక్కటి తీసి మళ్ళీ డబ్బాలో సర్దాడు, పాడైన వస్తువును కూడా జాగ్రత్తగా పెట్టే తన అలవాటు కొద్దీ. చేతులు కడుక్కుని వచ్చి, ఆమెకు కొద్దిగా దూరంగా కూర్చున్నాడు.

"దీన్ని ఎవరికీ చూపించొద్దు."

"అదేమిటి?"

"చూపిస్తే ముందు నీ పేరొస్తుంది. తరవాత మీ అన్నయ్య. ఆ కొట్టు మీదే కదా నువ్వూ, పిల్లా ఇప్పుడు బతకాలి. నా పేరు ఎలాగూ పోయింది. పోయినదాని మీద ఇంకాస్త బరువు పెడితే ఏమవుతుంది?" అతను ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "నాకు తెలిసింది, చాలు. ఇక మంచం నడపనులే."

*

మర్నాడు కొట్టు తెరవగానే చిట్టి ఆ డబ్బాని అన్నయ్య బల్ల మీద పెట్టి మూత తీసింది. అన్నయ్య లోపలికి చూసి, వెంటనే కిటికీలోంచి బయటికి చూశాడు.

"మూసెయ్. ఎవరైనా వస్తారు."

"మీ బావ ఎల్లుండి అందరి ముందూ తప్పు ఒప్పుకోబోతున్నాడు."

"ఒప్పుకోమని నేను అన్నానా? నేను మాత్రం ఏం చెయ్యను చిట్టీ? ఆయన అడిగిన రేటుకి వచ్చేవి అవే. నేను ఇవ్వకపోతే పక్క కొట్టువాడు ఇస్తాడు. వాడివి ఇంతకన్నా దరిద్రం." అన్నయ్య గొంతు పెంచబోయి తగ్గించుకున్నాడు. "నేను చెప్పలేను. నువ్వు కూడా చెప్పవు. చెప్తే ఇక ఈ మెట్టు ఎక్కకు."

"నీ కారుకి ఏది వేసుకుంటావు అన్నయ్యా?"

కిందటిసారి దానికి బీరువాలోంచి ఎంచి తీసిచ్చింది ఆమే. ఆమె డబ్బా సంచిలో పెట్టుకుని, కౌంటరు తాళాలు బల్ల మీద పెట్టి మెట్టు దిగింది. అన్నయ్య పిలిచాడు. రెండోసారి పిలవలేదు.

రెండు రోజుల తరవాత యార్డులో డ్రైవర్లు లారీల నీడన గుంపుగా నిలబడి ఉన్నారు. ఓనరు ఆఫీసు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆయన పక్కనే తుడిచి తళతళలాడుతున్న ఆయన కారు. నిదానం ముందుకొచ్చి నిలబడ్డాడు. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చిట్టి గేటు పక్కన ఆగింది. ఆమెను రావద్దన్నాడు కాబట్టి అతను ఆమె కోసం చూడలేదు.

"లైటు వెలిగింది," అన్నాడతను. "నేను చూడలేదు. నా అశ్రద్ధ వల్లే ఇంజన్ పోయింది. మీరెవరూ అట్లా చెయ్యకండి."

ఎక్కడా ఆగలేదు. ఒక్క మాట తడబడలేదు. నిజం తెలియకముందు ఈ అబద్ధాన్ని నమ్మబోయిన మనిషి, తెలిశాక దాన్ని ఇంత శుభ్రంగా చెప్పాడు. గుంపులో ఎవరో నిట్టూర్చారు. అతని రూటులో ఇప్పుడు బండి నడుపుతున్న బక్కపల్చటి కుర్రడ్రైవరు, బక్కోడంటారు అందరూ, తల వంచుకున్నాడు. ఓనరు తృప్తిగా, "శభాష్, మగాడివి. మాటంటే మాటే," అని జేబులోంచి లైసెన్సు తీసి అందించాడు.

నిదానం దాన్ని అందుకుని చొక్కా జేబులో పెట్టుకునేలోగా చిట్టి గుంపును తోసుకుని వచ్చింది. ఒక ఆయిలు డ్రమ్ము మీద డబ్బా పెట్టి బోర్లించింది. ముద్దయిన కాగితం, నలిగిన గొట్టం, రేకు ముక్క బయటపడ్డాయి.

"ఇది ఆ ఇంజన్లోది," అంది. "దీన్ని మీ కంపెనీకి తీసిచ్చింది నేను. మంచిది కాదని తెలిసే ఇచ్చాను. లైటు తప్పు కాదు, ఈయన తప్పు కాదు."

"చిట్టీ," అన్నాడు భర్త, చాలా నెమ్మదిగా.

డ్రైవర్లు దగ్గరికి జరిగారు. ఒక పెద్దాయన గొట్టాన్ని ఎత్తి కంటి దగ్గర పెట్టుకుని చూసి, పక్కవాడికిచ్చాడు. అతను చూసి ఇంకొకరికిచ్చాడు. చిట్టి ఓనరు మొహంలోకి చూసింది. ఆయన ఆశ్చర్యపోతాడని, అన్నయ్యను తిడతాడని, కేసు పెడతానంటాడని రాత్రంతా ఊహించుకుంది. దానికి జవాబులు కూడా కూడబలుక్కుంది.

ఓనరు ఆశ్చర్యపోలేదు.

"మీ అన్నయ్య తప్పేం లేదమ్మా," అన్నాడు, ఓదార్చే గొంతుతో. "నేనడిగిందే ఇచ్చాడు. అంత మంచివి కావని నాకు ముందే చెప్పాడు కూడా. ఇన్ని బండ్లున్నచోట ప్రతిదానికీ పెళ్ళికొడుకులా మర్యాద చెయ్యలేం కదా? పదింట్లో ఒకటి పోతుంది. అది లెక్కలోదే."

"మీ కారుకి మాత్రం బీరువాలోది పట్టుకెళ్తారు. పోయిన్నెల రబ్బరు కాస్త గట్టిగా ఉందని వెనక్కి కూడా పంపారు."

"కారులో నేను కూర్చుంటాను," అన్నాడు ఓనరు.

ఏ చెడు ఉద్దేశమూ లేకుండా, ఎండగా ఉందని చెప్పినంత మామూలుగా అన్నాడు. అన్నాక చుట్టూ చూశాడు. నలిగిన గొట్టం చేతులు మారుతూ మారుతూ బక్కోడి దగ్గర ఆగిపోయింది. వాడు దాన్ని ఇంకొకరికి ఇవ్వలేదు.

"సరే, అయిపోయింది కదా? లోడింగులు ఆగిపోతున్నాయి," అని ఓనరు లేచాడు. లోపలికి వెళ్తూ, "నీ లైసెన్సు నీకు ఇచ్చేశాను. ఇక నీకూ మాకూ ఏం లేదు," అన్నాడు నిదానంతో.

ఎవరూ తాళాలు విసిరికొట్టలేదు. ఒక్కొక్కరే తమ లారీల వైపు నడిచారు. ఇంజన్లు స్టార్టయ్యాయి. ఆ పొగలో మొగుడూ పెళ్ళాలిద్దరూ గేటు దాటారు.

సగం దూరం పోయాక అతను, "వద్దన్నాను కదా," అన్నాడు.

"అన్నావు."

"ఇప్పుడు ఇద్దరికీ పని లేదు."

"లేదు," అంది. నిజం చెప్పేస్తే గుండె తేలికవుతుందని ఎవరన్నారో గానీ, ఆమెకు కాళ్ళు ఈడ్చుకుని నడవడమే కష్టంగా ఉంది.

*

తరవాత రోజులు చెడ్డగా గడిచాయి. అతను రెండు యార్డులకు వెళ్ళాడు. ఒకచోట ఇంజన్ మింగినవాడివి నువ్వేనా అన్నారు. రెండోచోట ఏమీ అనలేదు గానీ గేటు తియ్యలేదు. అందరి ముందు తను పలికిన మాటలే అతనికంటే ముందు అన్ని చోట్లకూ చేరాయి. ఆ తరవాత ఆమె చెప్పినవి ఏ గేటు దాకా రాలేదు. చిట్టి ఒక బట్టల కొట్టులో అడిగింది, ఒక మందుల షాపులో అడిగింది. అన్నయ్య ఇంటినుంచి కబురు లేదు. పిల్ల మాత్రం, "అమ్మా, నువ్వు కూడా ఇంట్లోనే ఉంటావా రోజూ?" అని సంబరపడింది.

ఒక పొద్దున వాకిట్లో లోడు లారీ ఆగిన శబ్దమైంది. బక్కోడు దిగి వచ్చాడు. చేతిలో కాగితం చుట్టిన పొట్లం. గుమ్మం బయటే నిలబడి, "వదినా, కాస్త ఇది చూసి పెట్టవా?" అన్నాడు.

కొత్త ఫిల్టరు. తన జేబులోంచి డబ్బు పెట్టి పక్క బజారులో కొన్నాడట. "ఘాటు ఎక్కాలి ఇవాళ. అప్పట్నుంచి ఎర్రలైటు వైపు చూసీ చూసీ రోడ్డు చూడటం మరిచిపోతున్నాను. కంపెనీది పీకేసి ఇది వేసుకుందామని. మంచిదేనా?"

చిట్టి వెలుతురులోకి తీసుకెళ్ళింది. రబ్బరు నొక్కింది. గోటి నొక్కు అలాగే ఉండిపోయింది. నోటి రంధ్రంలోంచి లోపలికి చూసింది. చిటికెన వేలు పెట్టి తలుపును కదపబోతే కదల్లేదు. తడి చేత్తో అక్షరాల మీద రుద్దితే రంగు వేలికి అంటింది.

"ఇది వద్దు," అంది.

బక్కోడి మొహం వాడిపోయింది. "మరెట్లా వదినా? లోడు ఎక్కేసింది. పోకపోతే ఊరుకోడు. పోతే ఏమవుతుందో మీరే చూపించారు. చూపించకుండా ఉంటే హాయిగా పోయుండేవాణ్ణి!" తిట్టాడో మొరపెట్టుకున్నాడో వాడికే తెలియనట్టుంది.

లోపల మంచం మీద కూర్చున్న భర్త చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఎటు వెళ్ళాడో చిట్టికి అర్థమైంది, కానీ ఆపలేదు. అరగంట తరవాత తిరిగొచ్చాడు. చేతిలో అద్దాల బీరువాలోని ఫిల్టరు ఉంది.

"అన్నయ్య ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఎవరికని అడిగాడు. వీడి లారీకని చెప్పాను. ఒకటి తీశాడు. మళ్ళీ లోపల పెట్టేసి ఇంకోటి తీశాడు." ఫిల్టరు ఆమెకిస్తూ, "వేలితో నొక్కి చూసి మరీ ఇచ్చాడు," అన్నాడు.

ఆమె కూడా నొక్కి చూసింది. రబ్బరు పొంగింది. బక్కోడికి కాకుండా భర్త చేతికిచ్చింది.

అతను లారీ కింద దూరాడు. బాగవ్వని భుజం మూలంగా బక్కోడు పానా పట్టాడు గానీ, కొత్తది బిగించేటప్పుడు మాత్రం అతను ఎవర్నీ పట్టనివ్వలేదు. రబ్బరు చుట్టూ వేలితో కొత్త నూనె రాశాడు. చేత్తోనే తిప్పుతూ అది ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పి వదిలేశాడు. బక్కోడు స్టార్టు చేశాడు. అతను కిందనే పడుకుని కారుతోందేమో చాలాసేపు చూశాడు. చొక్కా నిండా దుమ్ముతో లేచి, "పో," అన్నాడు.

బక్కోడు కదల్లేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ముందుకు చూస్తూ, "అన్నా, ఘాటు దాటేదాకా నువ్వూ రారాదూ? అవతల దిగి బస్సెక్కి వచ్చేద్దువు గానీ," అన్నాడు.

నిదానం లారీ ముందు నుంచి నడిచాడు. ముందు టైరును కాలితో తట్టాడు. పక్కకు వచ్చి రెండో టైరునూ తట్టాడు. డ్రైవరు వైపు తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అక్కడి పిడి మీద చెయ్యి పెట్టి తీసేశాడు. చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్ళి, మంచి చేత్తో పట్టుకుని, కష్టపడి పైకెక్కాడు. పక్క సీటులో ఒద్దిగ్గా కూర్చుని చిట్టి వైపు చూశాడు.

"పిల్లకి చెప్పు, సాయంత్రానికి వచ్చేస్తానని," అన్నాడు.

లారీ సందు మలుపు తిరిగింది. చిట్టి వాకిట్లో నిలబడి వింది. పెద్ద రోడ్డెక్కాక మొదటి గేరు, రెండోది, మూడోది. తరవాత ఊరి చప్పుళ్ళలో అది కలిసిపోయింది. ఆమె చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు వెళ్ళింది. సబ్బు రుద్దింది గానీ నీళ్ళు తిప్పలేదు. నురగ చేతుల మీద ఆరిపోతున్నా, కొండ వైపు చెవి పెట్టి అలాగే నిలబడి ఉంది.